గేమ్ సందేహాలు: చేతిలో పట్టే కన్సోల్‌లో బ్యాటిల్‌ఫీల్డ్ 6 నడుస్తుందా?

ప్రశ్న: అన్నా, మాది బల్లార్షా. బీఎస్సీ మూడో సంవత్సరం చదువుతున్నాను. రెండేళ్లుగా ట్యూషన్లు చెప్పి కొంత కూడబెట్టాను, మిగతాది మా అన్నయ్య ఇస్తానన్నాడు. చేతిలో పట్టుకుని ఆడే ఆర్‌ఓజీ ఎక్స్‌బాక్స్ ఆలై ఎక్స్ కొనాలని ఉంది. నాకు కావాల్సింది ఒక్కటే గేమ్, ఆన్‌లైన్‌లో ఆడే యుద్ధం గేమ్ బ్యాటిల్‌ఫీల్డ్ 6. నాగ్‌పూర్‌లో, కాగజ్‌నగర్‌లో, హైదరాబాద్‌లో ఉన్న దోస్తులతో రాత్రిపూట ఆడాలి. అమెరికాలో ఉండే మా పెద్దమ్మ కొడుకు అలాంటిదే ఇంకో మెషిన్, స్టీమ్ డెక్ ఓలెడ్ తెస్తానంటున్నాడు, అది తక్కువలో అవుతుంది. వీడియోల్లో చూస్తే ఒకాయన బ్రహ్మాండంగా నడుస్తోందంటాడు, ఇంకొకాయన డబ్బు దండగ అంటాడు. కొన్నాక నడవకపోతే అన్నయ్యకు మొహం చూపించలేను, అదే టెన్షన్. ఏది కొనాలి? (ఒక పాఠకుడు, బల్లార్షా)

జవాబు: తమ్ముడూ, ముందు మీ పెద్దమ్మ కొడుక్కి ఈ రోజే ఫోన్ చేసి, ఈ గేమ్ కోసమైతే స్టీమ్ డెక్ తేవద్దని చెప్పు. బ్యాటిల్‌ఫీల్డ్ 6 అందులో అసలు తెరుచుకోదు. ఆలై ఎక్స్‌లో తెరుచుకుంటుంది, నడుస్తుంది, కానీ నువ్వు వీడియోల్లో చూసి ఊహించుకున్నంత బాగా నడవదు. మీ అన్నయ్య కష్టార్జితం కూడా ఇందులో ఉంది కాబట్టి ఎందుకు నడవదో కాస్త వివరంగానే చెప్తాను.

ఆన్‌లైన్ గేమ్ విషయంలో చాలామంది మెషిన్ బలం దగ్గర మొదలుపెడతారు. చిప్ ఏంటి, ర్యామ్ ఎంత, ఎఫ్‌పీఎస్ (తెర మీద సెకనుకు ఎన్ని బొమ్మలు మారతాయో ఆ లెక్క) ఎంత వస్తుంది అని. నన్నడిగితే అది రెండో ప్రశ్న. మొదటిది, ఆ గేమ్ గుమ్మం దగ్గర కూర్చున్న కాపలావాడు నీ మెషిన్‌ని లోపలికి రానిస్తాడా లేదా అన్నది. ఆ కాపలావాడే యాంటీ చీట్. మోసం చేసే సాఫ్ట్‌వేర్లను పట్టుకోవడానికి గేమ్‌తో పాటే వచ్చే ప్రోగ్రామ్ అది. బ్యాటిల్‌ఫీల్డ్ 6లో దాని పేరు జావెలిన్. అది విండోస్ లోలోపలికి వెళ్లి కూర్చుంటుంది, కంప్యూటర్‌లో సెక్యూర్ బూట్ (మెషిన్ మొదలయ్యేటప్పుడు నమ్మకమైన సాఫ్ట్‌వేర్‌నే రానిచ్చే ఏర్పాటు) ఆన్‌లో ఉందా, టీపీఎమ్ 2.0 అనే భద్రతా చిప్ ఉందా అని చూస్తుంది, లేకపోతే ఆట మొదలవ్వనివ్వదు. స్టీమ్ డెక్‌లో ఉండేది విండోస్ కాదు, స్టీమ్ ఓఎస్ అనే ఒక రకం లినక్స్. విండోస్ కోసం రాసిన గేములను ప్రోటాన్ అనే పొర సాయంతో అది నడిపిస్తుంది, ఒంటరిగా ఆడే గేములు వేలకొద్దీ అలా చక్కగా నడుస్తాయి. కానీ జావెలిన్ లాంటి యాంటీ చీట్ ఆ పొర మీద పనిచెయ్యదు. డెక్‌ను ఎంత బలంగా తయారుచేసినా ఈ సంగతి మారదు.

ఇది ఈ ఒక్క గేమ్ గొడవ కూడా కాదు. వాలొరెంట్ డెక్‌లో నడవదు, ఫోర్ట్‌నైట్ నడవదు. జీటీఏ ఆన్‌లైన్ రెండేళ్ల పైగా డెక్‌లో హాయిగా నడిచింది, 2024 సెప్టెంబర్‌లో దానికి బ్యాటిల్ఐ అనే యాంటీ చీట్ పెట్టగానే ఆగిపోయింది, కథ మోడ్ ఒక్కటే మిగిలింది. ఏపెక్స్ లెజెండ్స్‌ను అదే ఏడాది అక్టోబర్ చివర్లో లినక్స్ నుంచి, దాంతో పాటే డెక్ నుంచీ తీసేశారు. దానికోసమే డెక్ కొన్నవాళ్లు ఎంత బాధపడి ఉంటారో ఆలోచించు. డెక్ తయారుచేసిన వాల్వ్ సొంత గేములు కౌంటర్ స్ట్రైక్ 2, డోటా 2కు మాత్రం ఈ ఇబ్బంది లేదు.

ఇందులోనే ఇంకో జాగ్రత్త ఉంది. ఆలైలో విండోస్ తీసేసి స్టీమ్ ఓఎస్ వేసుకుంటే బ్యాటరీ ఎక్కువ వస్తుందని, వేగం పెరుగుతుందని నీకు ఎవరో ఒకరు తప్పకుండా చెప్తారు. కొన్ని గేములకు అది నిజమే. నువ్వు వేస్తే మాత్రం నీ ఒక్క గేమూ పోతుంది. విండోస్, స్టీమ్ ఓఎస్ రెండూ పక్కపక్కన పెట్టుకుందామని సెక్యూర్ బూట్ ఆఫ్ చేసినా అంతే, జావెలిన్ ఒప్పుకోదు.

ఇప్పుడు బలం సంగతి. ఆలై ఎక్స్‌లో ఉండే రైజెన్ ఏఐ జెడ్2 ఎక్స్‌ట్రీమ్ చిప్‌లో 8 కోర్లు ఉన్నాయి, 24 జీబీ ర్యామ్ ఉంది, చేతిలో పట్టే మెషిన్లలో, అంటే హ్యాండ్‌హెల్డ్‌లలో, అది పై వరసలోదే. బ్యాటిల్‌ఫీల్డ్ 6 ఆడటానికి కనీసం కావాలని కంపెనీ చెప్పిన గ్రాఫిక్స్ కార్డు ఆర్‌టీఎక్స్ 2060, అది కూడా 1080పీలో (ఫుల్ హెచ్‌డీలో), అన్నీ తక్కువ సెట్టింగ్స్‌లో పెట్టి, 30 ఎఫ్‌పీఎస్ కోసం. డెస్క్‌టాప్‌లో ఆ కార్డు ఒక్కటే 160 వాట్ల కరెంటు తాగుతుంది. ఆలై ఎక్స్‌లో ప్రాసెసర్, గ్రాఫిక్స్ రెండూ కలిపి, చార్జర్ పెట్టి ఉంచినా 35 వాట్లలో సర్దుకోవాలి. దాని గ్రాఫిక్స్ బలం ఇంచుమించు జీటీఎక్స్ 1650 అనే ఇంకా చిన్న కార్డు స్థాయిలో ఉంటుంది. అంటే కాగితం మీద చూస్తే కనీసం కంటే కిందే.

మరి నడుస్తుందని ఎలా అన్నానంటే, ఎఫ్‌ఎస్‌ఆర్ వల్ల. చిప్ బొమ్మను చిన్న సైజులో గీసి, దాన్ని పెద్దది చేసి తెర మీద చూపించే పద్ధతి అది. 27 అంగుళాల మానిటర్ మీద ఆ అతుకులు కనిపిస్తాయి, ఎండుగడ్డి, దూరంలో ఉన్న శత్రువు, పొగ, అన్నీ మసకగా ఉంటాయి. 7 అంగుళాల తెర మీద కళ్లకు అంతగా తెలియదు. చిన్న తెర ఇక్కడ నీకు సాయం చేస్తుంది. అన్నీ లోలో పెట్టి, ఎఫ్‌ఎస్‌ఆర్ ఆన్ చేసి, ఎఫ్‌పీఎస్‌ను 40కి లాక్ చేసి ఆడుకో. 60 కోసం పట్టుబట్టవద్దు. ఖాళీ మూలలో నిలబడి 60 చూపించిన వీడియోలు ఉంటాయి, కానీ 64 మంది ఆడే పెద్ద మ్యాపులో ట్యాంకులు పేలుతూ గోడలు కూలుతుంటే ఆ అంకె నిలబడదు. ఎగిరిపడే 60 కంటే కదలకుండా ఉండే 40 మేలు, గురి కుదిరేది అప్పుడే.

పేరు దగ్గర కూడా మోసపోవద్దు. ఎక్స్‌బాక్స్ ఆలై, ఎక్స్‌బాక్స్ ఆలై ఎక్స్ రెండూ 2025 అక్టోబర్ 16నే వచ్చాయి, చూడ్డానికి అన్నదమ్ముల్లా ఉంటాయి, లోపల సరుకు వేరు. చివర ఎక్స్ లేని తక్కువ ధర దాంట్లో ఉండేది 4 కోర్ల చిప్, దాని గ్రాఫిక్స్ స్టీమ్ డెక్ తరానివి. ఈ గేమ్‌కు కంపెనీ చెప్పిన కనీసపు ప్రాసెసర్లే 6 కోర్లవి. కాబట్టి షాపులో ఎవరైనా 'రెండూ ఒకటే, స్టోరేజ్ ఒక్కటే తేడా' అంటే అక్కడి నుంచి వచ్చెయ్. ఇంకొకటి, పేరులో ఎక్స్‌బాక్స్ ఉన్నంత మాత్రాన అది ఎక్స్‌బాక్స్ కన్సోల్ కాదు, లోపల ఉండేది విండోస్ 11. డిస్కులు పట్టవు. నువ్వు కొనాల్సింది గేమ్ పీసీ వెర్షన్. మీ నాగ్‌పూర్ దోస్తు పీఎస్5లో ఆడుతున్నా ఫర్వాలేదు, ఈ గేమ్‌లో క్రాస్‌ప్లే ఉంది, కలిసి ఆడుకోవచ్చు.

ఇంతవరకు ఏ ఊరివాళ్లకైనా ఇదే చెప్పేవాణ్ని. ఇక మన బల్లార్షా, చంద్రాపూర్ సంగతి వేరు. వీడియోలు తీసేవాళ్లు ఏసీ గదిలో కూర్చుని తీస్తారు. మనకు మే నెలలో 45 డిగ్రీలు దాటడం మామూలు, స్లాబు కింద పై అంతస్తు గదిలో రాత్రి తొమ్మిదికి కూడా గోడ మీద చెయ్యి పెట్టలేం. 2022 జులైలో యూరప్‌లో ఎండలు మండిపోతున్నప్పుడు వాల్వ్ వాళ్లే ఒక మాట చెప్పారు: గది వేడి 0 నుంచి 35 డిగ్రీల మధ్య ఉంటేనే డెక్ బాగా పనిచేస్తుందని, చిప్ 100 డిగ్రీలకు చేరితే తనంతట తానే వేగం తగ్గించుకుంటుందని, 105 దగ్గర ఆగిపోతుందని. అంకెలు ఆ మెషిన్‌వే కానీ సూత్రం అన్నిటికీ ఒకటే. గాలి పీల్చి చల్లబడే యంత్రానికి ఇచ్చే గాలే వేడిగా ఉంటే అదేం చేస్తుంది పాపం. నా దగ్గర ఇంకో కంపెనీ పాత హ్యాండ్‌హెల్డ్ ఒకటి ఉంది. జనవరిలో 50 ఎఫ్‌పీఎస్ ఇచ్చిన గేమే మే మధ్యాహ్నం 30 దగ్గర ఈడ్చింది, సెట్టింగ్స్ ఏమీ మార్చకుండానే. చెడిపోయిందేమోనని కంగారుపడ్డాను. గదిలో కూలర్ వేసి అరగంట ఆగాక మళ్లీ మామూలైంది.

కూలర్ అన్నాను కదా, అందులోనూ ఒక జాగ్రత్త. వట్టివేళ్ల తడకలోంచి వచ్చే గాలికి ఎదురుగా మెషిన్ పెట్టవద్దు, సన్నటి నీటి తుంపర వస్తుంది. గది చల్లబడితే చాలు, కూలర్ పక్కకు తిరిగి కూర్చో. ఒళ్లో దుప్పటి మీద పెట్టి ఆడితే గాలి పోయే దారి మూసుకుపోతుంది. ఇక మన దగ్గర ఉండే బొగ్గు దుమ్ము. రాజురా, ఘుగ్గూస్ వైపు గనులున్న ఊళ్లలో కిటికీ మీద వేలు పెట్టి గీస్తే నల్లగా వస్తుంది, అదే దుమ్ము ఫ్యాన్‌లోకీ పోతుంది. ఆడనప్పుడు పెట్టెలో పెట్టు. రెండు నెలలకోసారి మెషిన్ ఆపేసి, గాలి రంధ్రాల దగ్గర మెత్తటి బ్రష్‌తో దులుపు. వారంటీ ఉన్నన్నాళ్లు విప్పవద్దు.

కరెంటు విషయంలో నేను పాటించే పద్ధతి చెప్తాను, నీకు పనికొస్తుంది. ఆలై ఎక్స్ చార్జర్ మీద ఉన్నప్పుడు 35 వాట్ల దాకా వెళ్తుంది, బ్యాటరీ మీద మామూలుగా 25 దాకానే. ఆట మధ్యలో కరెంటు పోతే మెషిన్ ఆగదు కానీ ఎఫ్‌పీఎస్ ఒక్కసారిగా పడిపోతుంది, సరిగ్గా ఎవరినో గురి పెట్టినప్పుడే. అందుకని మొదటి నుంచీ 25 వాట్ల మోడ్‌లోనే పెట్టి, దానికి తగ్గట్టు సెట్టింగ్స్ సర్దుకో. కరెంటు ఉన్నా పోయినా చేతికి తేడా తెలియదు, వేడి కూడా తగ్గుతుంది. బ్యాటరీ 80 వాట్ అవర్లు. చిప్‌కు 25, తెర, వైఫై, ఫ్యాన్లకు ఇంకో పది అనుకుంటే రెండు గంటల పైచిలుకు వస్తుంది. అయితే రౌటర్‌కు కరెంటు లేకపోతే ఈ బ్యాటరీ ఎందుకు? రౌటర్‌కు పెట్టే చిన్న యూపీఎస్ దొరుకుతుంది, ముందు అది కొను.

నెట్ గురించి రెండు మాటలే. గేమ్‌కు కనీసం 55 జీబీ జాగా కావాలి. రోజుకు 2 జీబీ ఇచ్చే మొబైల్ ప్యాక్ మీద దించుకోవాలంటే నెల దగ్గర పడుతుంది, 50 ఎంబీపీఎస్ ఫైబర్ ఉంటే రెండున్నర గంటల్లో అయిపోతుంది. దించుకోవడానికి స్పీడ్ కావాలి, ఆడటానికి కావాల్సింది తక్కువ పింగ్ (నీ మెషిన్ నుంచి గేమ్ సర్వర్‌కు కబురు వెళ్లి తిరిగి రావడానికి పట్టే టైము, మిల్లీసెకన్లలో), అది కూడా నిలకడగా ఉండే పింగ్. ఒకసారి 50, మరుక్షణం 250 చూపిస్తే నువ్వు గోడ వెనక దాక్కున్నాక కూడా చచ్చిపోతావు, మెషిన్‌ను తిట్టుకుంటావు. రౌటర్ కింద, నీ గది పైన అయితే ఒక చిన్న డాక్ (మెషిన్‌కు అదనపు సాకెట్లు ఇచ్చే పెట్టె) కొని ల్యాన్ కేబుల్ పెట్టు. రైల్లో ఆడొచ్చనే ఆశ ఉంటే వదిలెయ్. బల్లార్షా దాటి వీరూర్, మాకుడి మీదుగా సిర్పూర్ వెళ్లేదాకా అడవిలో ఫోన్ సిగ్నల్ ఎలా వచ్చి పోతుందో నీకు నేను చెప్పాలా. ఆ దారిలో ఒంటరిగా ఆడే గేములే నయం.

మరి కొనాలా వద్దా? నువ్వు రాసింది మళ్లీ చదివాను. ఒక్కటే గేమ్, రాత్రిపూట, ఇంట్లో కూర్చుని. అలాగైతే నేను నీ చోట ఉంటే ఆలై ఎక్స్ కొనను. లక్ష దాటిన ఆ డబ్బుకు ఆర్‌టీఎక్స్ 4050 గ్రాఫిక్స్ కార్డు ఉన్న లాప్‌టాప్ వస్తుంది, ఈ గేమ్ దాంట్లో ఇంతకంటే ఎంతో బాగా నడుస్తుంది, డిగ్రీ అయ్యాక చదువుకీ ఉద్యోగానికీ పనికొస్తుంది, అన్నయ్యకు చెప్పుకోవడానికీ బాగుంటుంది. హాస్టల్లో, ప్రయాణాల్లో, పడుకుని, చేతిలో పట్టుకుని ఆడటమే నీ సంతోషమైతే అప్పుడు ఆలై ఎక్స్ తీసుకో, అందులో తప్పేం లేదు, ఆ సుఖం లాప్‌టాప్ ఇవ్వలేదు. ఏదైనా సరే, డబ్బు కట్టేముందు ఒక పని చెయ్యి. ఇదే గేమ్‌లో రెడ్‌సెక్ అనే ఉచిత భాగం ఉంది, 2025 అక్టోబర్ 28న వదిలారు, యాంటీ చీట్ కూడా ఇదే. కొత్తగా విండోస్ గేమింగ్ లాప్‌టాప్ కొన్న దోస్తును ఒకరాత్రి ఇంటికి పిలిచి, మీ ఇంటి నెట్ మీద, నువ్వు రోజూ ఆడాలనుకునే టైములోనే అది పెట్టి చూడు. అక్కడే నెట్ వల్ల ల్యాగ్ వస్తే, అంటే ఆట వెనకబడితే, లక్ష పెట్టినా వచ్చేది అదే.

ప్రశ్న: ఆలైలో బీజీఎంఐ ఆడొచ్చా? ఫోన్‌లో వేడెక్కిపోతోంది, పెద్ద బటన్లతో ఆడితే గేమ్ మెరుగవుతుందని ఆశ. (ఒక పాఠకుడు, రాజురా)

జవాబు: ఆడలేవు తమ్ముడూ. బీజీఎంఐ ఫోన్ల కోసం, ట్యాబ్‌ల కోసం చేసిన గేమ్, విండోస్ వెర్షన్ లేదు. ఎమ్యులేటర్‌లో (కంప్యూటర్‌లో ఫోన్ యాప్‌లు నడిపించే సాఫ్ట్‌వేర్‌లో) పెట్టి ఆడేవాళ్లున్నారు కానీ ఖాతా బ్యాన్ అయితే నువ్వు ఏళ్లుగా సంపాదించిన స్కిన్లూ ర్యాంకూ అన్నీ పోతాయి, అంత రిస్క్ వద్దు. పీసీలో ఉండే పబ్‌జీ వేరే గేమ్, ఆలై లాంటి విండోస్ మెషిన్‌లో నడుస్తుంది, కానీ నీ బీజీఎంఐ ఖాతా అందులోకి రాదు, నీ దోస్తులూ అక్కడ ఉండరు. ఫోన్ వేడికి నువ్వు చెయ్యగలిగింది ఉంది: చార్జింగ్ పెట్టి ఆడవద్దు, వెనక కవర్ తీసెయ్, గ్రాఫిక్స్ స్మూత్‌లో పెట్టి ఫ్రేమ్ రేట్ ఒక మెట్టు తగ్గించు. ఫోన్ వెనక తగిలించే చిన్న కూలర్ ఫ్యాన్లు కూడా వస్తున్నాయి, ఎండాకాలంలో వాటితో తేడా తెలుస్తుంది.

ప్రశ్న: బాబూ, మాది సిరొంచ. మావాడు పదో తరగతి, పదిహేనేళ్లు. మంచిర్యాలలో షాపులో ఎక్స్‌బాక్స్ ఆలై చూసినప్పటి నుంచి అన్నం సరిగ్గా తినడం లేదు. దోస్తులు ఆడే బ్యాటిల్‌ఫీల్డ్ ఆడతాడట. ధర డెబ్బై వేల దగ్గర చెప్పారు. మా దగ్గర నెట్ వానాకాలంలో ఒక్కోసారి రోజుల తరబడి రాదు. కొనివ్వమంటారా? (ఒక తల్లి, సిరొంచ)

జవాబు: అమ్మా, ఆ గేమ్ కోసమైతే కొనివ్వకండి. మీరు చూసింది ఎక్స్ లేని రకం అనుకుంటాను, ఆ ధర దానిదే. పైన బల్లార్షా తమ్ముడికి చెప్పినట్టు ఆ చిప్ ఈ గేమ్‌కు చాలదు. డెబ్బై వేలు పెట్టాక గేమ్ ఆగి ఆగి నడిస్తే పిల్లవాడు ఇంకా ఎక్కువ బాధపడతాడు. పైగా అమెరికాలో ఈ గేమ్‌కు ఇచ్చిన రేటింగ్ 17 ఏళ్లు నిండినవాళ్లకని. నెట్ కూడా మీరన్నట్టు ఉంటే, ఆన్‌లైన్ గేమ్ కోసం ఏ మెషిన్ కొన్నా వానాకాలమంతా అది అలమరాలోనే ఉంటుంది.

అయితే వాడికి ఒట్టి 'వద్దు' చెప్పకండి. పదిహేనేళ్ల పిల్లవాడికి దోస్తుల మాటల్లో తన మాట లేకపోవడం చాలా పెద్ద కష్టం, నాకు ఆ వయసు బాగా గుర్తుంది. వాడికి ఒక పని అప్పగించండి. వారం రోజులు, రాత్రి తొమ్మిదికి, మీ ఫోన్‌లో స్పీడ్ టెస్ట్ పెట్టి పింగ్ ఎంత వచ్చిందో నోట్‌బుక్‌లో రాయమనండి. ఎందుకు వద్దంటున్నారో ఆ అంకెలు చూస్తే వాడికే అర్థమవుతుంది, మీ మీద కోపం పెట్టుకోడు. ఇంట్లో మామూలు కంప్యూటర్ ఉంటే నెట్ లేకుండా ఆడే గేములు పెట్టివ్వండి, ఒకసారి దించుకుంటే వానాకాలమంతా ఆడుకోవచ్చు. మన పుణెలోనే తయారైన రాజీ అనే గేమ్ ఉంది, 2020లో వచ్చింది, తమ్ముణ్ని వెతుక్కుంటూ వెళ్లే అమ్మాయి కథ, కోటలూ గుళ్లూ మన రాజస్థాన్ కట్టడాల్లా ఉంటాయి. కంప్యూటర్‌లో గ్రాఫిక్స్ ఏమున్నాయో రాసి పంపితే అది పడుతుందో లేదో చెప్తాను. పది పరీక్షలయ్యాక మళ్లీ రాయండి, వాడు రాసిన ఆ వారం పింగ్ అంకెలు కూడా జత చెయ్యండి.